బేరి పండుకూ ఊరూ పేరూ ఉన్నాయి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో పండ్ల గురించి ప్రచురించిన వ్యాసంలో బేరి పండుకు కేటాయించిన భాగాన్ని శ్రద్ధగా చదివాను. మన భాషలో ఈ పండు గురించి రాసేవారే తక్కువ కాబట్టి ముందుగా రచయితకూ మీకూ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. అయితే అందులో సరిదిద్దవలసిన మాటలు మూడు ఉన్నాయి. ఆకుపచ్చగా ఉన్నది కాయ అనీ, ఎర్రగా ఉన్నది అదే కాయ పండిన రూపమనీ అన్నారు. ఈ పండు పుట్టిల్లు అమెరికా అన్నారు. ఏ బేరి అయినా రుచి ఒక్కటే కాబట్టి రకం చూసుకోనక్కర లేదని ముగించారు. మొదటి రెండూ ఎవరికైనా జరిగే పొరపాట్లే. మూడోది చదివినప్పుడు మాత్రం మనసు నొచ్చుకుంది. 30 ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్న నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

విజయవాడలో పుట్టి పెరిగిన వారెవరూ బజారుకు వెళ్లి ఊరికే మామిడిపండు కావాలని అడగరు. కోసుకు తినడానికి బంగినపల్లి, జుర్రుకోవడానికి చిన్న రసం, పెద్ద రసం, తీపి ఎక్కువ కావాలనుకుంటే చెరుకు రసం, ఇంకా సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి అని పేరు పెట్టి అడుగుతారు. రసం పేరు చెప్పి మరొకటి అంటగడితే ఆ బండి దగ్గరికి మళ్లీ వెళ్లరు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా మన ఇంటి పిల్లవాడికి బహుమతి వచ్చినంత సంతోషించాం. మామిడి విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనం, మరో దేశపు రైతులు మూడు నాలుగు వందల ఏళ్లుగా అంతే పట్టింపుతో కాపాడుకుంటూ వస్తున్న పండును 'ఏదైనా ఒక్కటే' అనడం తగదు. మా చిన్నతనంలో దీన్ని బేరికాయ అనేవాళ్లం, బండి మీద అమ్మేవాళ్లు నాష్‌పాతి అంటారు, ఇప్పటి పిల్లలు పియర్ అంటున్నారు. ఈ మూడూ జాతి పేర్లే. రకం పేరు అడిగితే చెప్పగలిగినవారు మన ఊళ్లో అరుదు.

మొదట రంగు సంగతి చెబుతాను. ఎరుపు పచ్చదనానికి పండిన రూపం కాదు. విలియమ్స్ అనే రకం పచ్చగా ఉండి, మాగినప్పుడు పసుపు రంగుకు తిరుగుతుంది. అంజూ అనే రకం మాగిన తరువాత కూడా పచ్చగానే ఉంటుంది. ఎర్ర బేరి పండ్లలో చాలావరకు ఇలాంటి పచ్చ రకాల చెట్టుకే ఎప్పుడో ఒక కొమ్మలో దానంతట అది వచ్చిన మార్పు వల్ల పుట్టినవి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జిల్లా (Zillah) అనే పేరున్న ఊరి దగ్గర 1938లో ఒక విలియమ్స్ చెట్టుకు ఒక కొమ్మ మాత్రం ఎర్రని కాయలు కాసింది. ఆ కొమ్మ నుంచి అంట్లు కట్టి 'మాక్స్ రెడ్ బార్ట్‌లెట్' అని పేరు పెట్టారు. అది పిందెగా ఉన్నప్పుడూ ఎరుపే, మాగినప్పుడూ ఎరుపే. మీ వ్యాసం చదివి పచ్చవి వదిలేసి ఎర్రవి మాత్రమే ఏరుకున్న పాఠకులు రాయిలాంటి కాయలు ఇంటికి తెచ్చుకుని ఉంటారని నా భయం.

ఇక పుట్టిల్లు. పెట్టె మీద అంటించిన కాగితంలో ఉండేది ఎగుమతి చేసిన దేశం పేరు, పండు పుట్టిన దేశం కాదు. మనం యూరోపియన్ బేరి అని పిలిచే పైరస్ కమ్యూనిస్‌కు పూర్వీకులైన అడవి చెట్లు కాకసస్ కొండల్లోనూ యూరప్ అడవుల్లోనూ ఇప్పటికీ ఉన్నాయి. క్రీస్తుకు పూర్వమే గ్రీసులో థియోఫ్రాస్టస్ అనే పండితుడు ఈ చెట్టు గింజ నాటితే తల్లి లక్షణం రాదని, నాసిరకం అడవి కాయే వస్తుందని రాసిపెట్టాడు. మన మామిడి టెంక సంగతి తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ నాటికే దాదాపు 40 రకాలకు పేర్లున్నాయి. గింజతో రకం నిలవదు కాబట్టి ప్రతి రకమూ ఎవరో ఒకరు ఒక మంచి చెట్టును గుర్తుపట్టి, దాని కొమ్మను మరో వేరు మీద అంటు కట్టి, ఆ అంటు నుంచి మరో అంటు కడుతూ తరతరాలు దాటించినందువల్లే మిగిలింది. అందుకే బేరి రకం పేరులో ఒక మనిషో, ఒక ఊరో, ఒక తోటో తరచుగా కనిపిస్తుంది. అమెరికాకు ఈ చెట్టు వలస వచ్చిన వారితో 17వ శతాబ్దంలో వెళ్లింది. మసాచుసెట్స్‌లోని డాన్వర్స్‌లో గవర్నర్ జాన్ ఎండికాట్ ఆ కాలంలో నాటించిన చెట్టు ఇప్పటికీ చిగురిస్తూనే ఉంది.

ఈ రకాలన్నింటిలో నాకు అతి దగ్గరగా అనిపించే కథ విలియమ్స్‌ది. ప్రపంచంలో ఎక్కువగా పెంచే బేరి రకాల్లో ఇదొకటి. డబ్బాల్లో నిలవ చేసి అమ్మేదీ ఎక్కువగా ఇదే. ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్‌లో ఆల్డర్‌మాస్టన్ అనే పల్లెలో 1770 ప్రాంతంలో స్టెయిర్ అనే బడిపంతులు తోటలో ఈ చెట్టు వెలసింది. ఆ చుట్టుపక్కల దాన్ని స్టెయిర్ బేరి అనేవారట. లండన్ దగ్గర టర్న్‌హామ్ గ్రీన్‌లో నర్సరీ నడిపే రిచర్డ్ విలియమ్స్ దాని అంట్లు తెచ్చి, పెంచి, దేశమంతటా అమ్మడంతో పంతులుగారి పేరు పోయి 'విలియమ్స్ బాన్ క్రెతియాఁ' అన్న పేరు నిలిచింది. బాన్ క్రెతియాఁ అంటే మంచి క్రైస్తవుడు అని అర్థం. ఇది అంతకు ముందు నుంచీ ఫ్రాన్సులో ఉన్న ఒక పాత బేరి కుటుంబం పేరు. 15వ శతాబ్దంలో పదకొండో లూయీ రాజు జబ్బుపడినప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ అనే సాధువు వెంట ఆ చెట్టు వచ్చిందని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. 18వ శతాబ్దం చివర్లో విలియమ్స్ మొక్కలు అమెరికా చేరాయి. అవి నాటిన మసాచుసెట్స్ తోటను తరువాత ఈనాక్ బార్ట్‌లెట్ అనే ఆయన కొన్నాడు. చెట్ల అసలు పేరు తెలియక ఆయన తన పేరు పెట్టి పంచాడు. 1828 ప్రాంతంలో యూరప్ నుంచి కొత్త మొక్కలు దిగినప్పుడు గాని రెండూ ఒకటే రకమని తేలలేదు. అప్పటికే బార్ట్‌లెట్ పేరు ఊరూరా పాకిపోయింది. కాబట్టి ఒకే పండు ఇంగ్లండ్‌లో విలియమ్స్, అమెరికాలో బార్ట్‌లెట్. దాన్ని మొదట తన పెరట్లో చూసి, పనికొచ్చేదని ఉంచిన బడిపంతులు పేరు ఎక్కడా లేదు. నేనూ జీవితమంతా పాఠాలు చెప్పి బతికినవాణ్ణే. ఆ పంతులుగారి పేరు తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అయితే బేరి పండును ఇవాళ మనం తినే వెన్నలాంటి పండుగా మార్చిన గౌరవం ఎక్కువగా బెల్జియానిది. అంతకు ముందరి రకాల్లో చాలా కాయలు కరకరలాడేవి, లేదా నోట్లో ఇసుక తగిలినట్టుండేవి. కండలో ఉండే గట్టి కణాల వల్ల ఆ గరుకుదనం వస్తుంది. చాలా రకాలను ఉడికించుకుని తినేవారు. 18వ శతాబ్దంలో మోన్స్ పట్టణంలో నికొలా ఆర్దాంపో అనే క్రైస్తవ మతాచార్యుడు ఓపికగా గింజలు నాటి, మొలకల్లో మెత్తని కండ ఉన్నవాటిని ఏరి పెంచడం మొదలుపెట్టాడు. 'బ్యూరే' అన్న మాట చాలా బేరి పేర్ల ముందు ఉంటుంది. ఫ్రెంచిలో దానికి అర్థం వెన్న పూసినది అని. ఆయన తరువాత జాఁ బాప్తిస్త్ వాన్ మోన్స్ వచ్చాడు. ఆయన రసాయనశాస్త్రవేత్త, వైద్యుడు. గింజ నుంచి చెట్టు, ఆ చెట్టు తొలి కాపు గింజ నుంచి మరో చెట్టు, ఇలా తరం మీద తరం పెంచుకుపోతే పండు దానంతట అదే మెరుగవుతుందని ఆయన నమ్మాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు గాని, వేలకు వేల మొలకల్లోంచి ఆయన ఏరి ఇచ్చిన రకాలు మాత్రం నిలిచాయి. బ్రసెల్స్‌లోని ఆయన తోటను 1819లో నగర నిర్మాణం కోసం స్వాధీనం చేసుకుంటే, ఏరుకున్న చెట్ల కొమ్మలు తీసుకుని లూవెన్‌కు వెళ్లి మళ్లీ మొదటి నుంచి పెంచాడు. మన ఊరి చుట్టూ మామిడి తోటలు ప్లాట్లుగా మారడం కళ్లారా చూసిన నాకు ఆయన ఆ కొమ్మల కట్టలు మోసుకుపోవడం కళ్లకు కట్టినట్టు అనిపిస్తుంది. మెచెలెన్ పట్టణపు జాఁ షార్ల్ నెలీ పెంచిన వింటర్ నెలిస్ కూడా ఆ కాలానిదే.

ఫ్రాన్సులో ఆంజే పట్టణపు ఉద్యాన సంఘం తోటలో 1849లో ఒక మొలక తొలి కాపు కాసింది. దానికి ఆ సంఘం పేరే పెట్టి 'దొయెన్నె ద్యు కోమీస్' అన్నారు. రుచిలో దీనిదే పైచేయి అని చాలామంది తోటమాలుల మాట. తొక్క పలుచన, కండ సున్నితం కాబట్టి దూర ప్రయాణం తట్టుకోదు, మన దాకా రావడం అరుదు. బోస్క్ అనే రకం తొక్క సపోటా తొక్కలా గోధుమ రంగులో గరుకుగా ఉంటుంది. పారిస్‌లోని రాజోద్యానానికి అధిపతిగా పనిచేసిన లూయీ బోస్క్ పేరు దానికి పెట్టారు. 1885లో లండన్ శివారు చిజిక్‌లో బేరి పండ్ల మీద జాతీయ సభ జరిగినప్పుడు సాబ్రిడ్జ్‌వర్త్ నర్సరీకి చెందిన థామస్ ఫ్రాన్సిస్ రివర్స్ ఒక కొత్త పండు ప్రదర్శించాడు. ఆ సభ గుర్తుగానే దానికి కాన్ఫరెన్స్ అన్న పేరు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ పండే ఇప్పుడు బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్ తోటల్లో ముఖ్య రకం. పోర్చుగల్‌లో సింత్రా దగ్గర పెద్రో రోషా అనే ఆయన తోటలో 1836లో దొరికిన చెట్టు రోషా రకానికి మూలం. చిన్నగా, పసుపు మీద ఎర్రని చుక్కలతో ఉండే ఫోరెల్ జర్మనీలోని సాక్సనీ ప్రాంతంది. ఆ మాటకు ట్రౌట్ చేప అని అర్థం, చేప ఒంటి మీది చుక్కల్లాంటివే ఈ పండు మీద ఉంటాయి. ఆస్ట్రేలియాలో మోలాంగ్ అనే చోట చార్లెస్ పాకమ్ అనే రైతు 1890లలో విలియమ్స్‌ను మరో రకంతో సంకరం చేసి పొందినది పాకమ్స్ ట్రయంఫ్. వేసవిలో మన బజారుకు దక్షిణాఫ్రికా పేరుతో వచ్చే పెట్టెల్లో ఫోరెల్, పాకమ్స్ రెండూ ఉంటాయి. ఒకటి పుట్టుకతో జర్మన్, మరొకటి ఆస్ట్రేలియా పండు. వాటిని అమెరికా పండ్లని అనడం ఎంత పొరపాటో ఇప్పుడు పాఠకులే చెప్పగలరు.

రకం తెలియకపోతే నష్టమేమిటని అడిగేవారి కోసం రెండు విషయాలు మనవి చేస్తాను.

ఒకటి తినేవారి సంగతి. బేరి పండు చెట్టున మాగితే లోపలి నుంచి మెత్తబడి, పైకి బాగానే కనిపిస్తూ గింజల చుట్టూ పాడైపోతుంది. అందువల్ల గట్టిగా ఉండగానే కోసి, చలిలో కొన్నాళ్లు ఉంచి, తరువాత బయట మాగనిస్తారు. విలియమ్స్‌కు రెండు మూడు వారాల చలి చాలు. అంజూకు దాదాపు 60 రోజులు కావాలి. ఆ చలి తగలని అంజూను ఎన్నాళ్లు ఇంట్లో పెట్టినా సరిగ్గా మాగదు. మామిడిని ఎండుగడ్డిలో వేసి, రోజూ తొడిమ దగ్గర వాసన చూసి తీయడం మనకు తెలుసు. బేరి కూడా అంతే. కాగితం సంచిలో అరటిపండు పక్కన ఉంచి, తొడిమ మొదట్లో బొటనవేలితో మెల్లగా నొక్కినప్పుడు మెత్తగా తగిలితే తినడానికి సిద్ధమైనట్టు. విలియమ్స్ అయితే రంగు కూడా చెబుతుంది. అంజూ రంగు చూసి కూర్చుంటే కుళ్లేదాకా తెలియదు. మా వీధిలో నేను ఎరిగిన చాలా కుటుంబాలు ఈ పండును కొన్న రోజే కోసుకుని, చప్పగా, చెక్కలా ఉందని మళ్లీ కొనడం మానేశారు. పండు తప్పేమీ లేదు. దాని రకం చెప్పి, ఎన్ని రోజులు ఉంచాలో చెప్పేవారు లేకపోయారు, అంతే.

రెండోది పెంచేవారి సంగతి, ఇది ఇంకా ముఖ్యం. 1890ల మొదట్లో అమెరికాలోని వర్జీనియాలో ఒక పెద్ద తోట నిండా విలియమ్స్ చెట్లే వేస్తే పూత విరగబూసినా కాపు పట్టలేదు. మెర్టన్ వెయిట్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త కారణం వెతికి, ఆ రకానికి తన పుప్పొడి తనకు పనికిరాదని తేల్చాడు. అంటు చెట్లన్నీ నిజానికి ఒకే చెట్టు ముక్కలు కాబట్టి వేల చెట్లున్నా ఒంటి చెట్టుతో సమానమే. పక్కన మరో రకం ఉండాలి, తేనెటీగలు అటూ ఇటూ తిరగాలి. వేరు సంగతి కూడా అలాంటిదే. చెట్టు పొట్టిగా ఉండి త్వరగా కాయాలని క్విన్స్ అనే దగ్గరి బంధువు వేరు మీద అంటు కడతారు గాని విలియమ్స్‌కు క్విన్స్‌తో పొసగదు, అతుకు దగ్గర విరిగిపోతుంది. అందుకని రెండింటితోనూ కలిసిపోయే బ్యూరే హార్డీ వంటి రకాన్ని మధ్యలో ఒక ముక్కగా పెట్టి కడతారు. రకం పేరు లేకుండా ఇంత జ్ఞానంలో ఒక్క అక్షరమూ రైతుకు ఉపయోగపడదు.

ఇది మనకు సంబంధం లేని విదేశీ వ్యవహారం కూడా కాదు. కులూ లోయలో బందరోల్ దగ్గర కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు 1870లో వేసిన తోటలో ఆపిల్‌తో పాటు ఇంగ్లండ్ బేరి చెట్లూ ఉన్నాయి. ఉత్తరాది వారు మెత్తని రకాలను బబ్బూగోషా అనీ, కరకరలాడే రకాలను నాఖ్ అనీ వేర్వేరు మాటలతో పిలుస్తారు. మనం రెండింటినీ నాష్‌పాతి అన్న ఒక్క మాటలో కలిపేశాం. మన దగ్గరి తమిళనాడు కొండల్లో పెంచే కీఫర్ అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర యూరప్, ఆసియా జాతుల కలయికతో పుట్టినది. దాన్ని విలియమ్స్‌లా మెత్తబడుతుందని ఎదురుచూస్తే నిరాశే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి మా ఇంట్లో వెలగకాయతో పాటు బేరికాయలూ కొంటాం. పూజ అయ్యాక అవి ఎప్పుడు తినాలో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. రకం కనుక్కోవడం మొదలుపెట్టాక ఒక్క కాయ పారేయలేదు.

ఈ మధ్య కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్‌లో ఒక కుర్రవాడిని రకం పేరు అడిగితే, పెట్టె తిప్పి, దాని పక్కన అచ్చువేసి ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, 'ఫోరెల్ అని ఉంది మాస్టారూ' అన్నాడు. అర్థం చెప్పాను. మరుసటి వారం వెళ్లేసరికి అట్టముక్క మీద తెలుగులో ఫోరెల్ అని రాసి, పక్కన చేప బొమ్మ గీసి పెట్టుకున్నాడు. అడిగిన ప్రతివారికీ ఆ చుక్కలు చూపిస్తున్నాడు. పేరు ఎప్పుడూ పెట్టె మీదే ఉంది. చదివి చెప్పడమే మిగిలింది.

కాబట్టి మీకు నా విన్నపాలు ఇవి. వచ్చే ఆదివారం సంచికలో ఎర్ర బేరి గురించీ పుట్టిల్లు గురించీ సవరణ ప్రచురించండి. మీరు రోజూ ఇచ్చే పండ్ల ధరల పట్టికలో మామిడి రకాలకు వేర్వేరు వరుసలు ఇచ్చినట్టే బేరికీ ఇవ్వండి. పేర్లు తెలుగులో ఒక్కో చోట ఒక్కో విధంగా రాస్తే పాఠకులు తికమకపడతారు కనుక విలియమ్స్, కాన్ఫరెన్స్, అంజూ, బోస్క్, ఫోరెల్, పాకమ్స్ అని ఒకే పద్ధతి పాటించండి. నూజివీడు మామిడి పరిశోధన స్థానం వారి సలహాతో మామిడి మీద మీరు వేసే శీర్షిక లాంటిదే ఈ పండ్ల మీద కూడా, ఉద్యాన శాస్త్రం తెలిసినవారితో చవితికి ముందే రాయించగలిగితే ఎంతో మేలు. ఆ రాసేటప్పుడు విలియమ్స్ దగ్గరికి వచ్చినప్పుడు, పక్కన చిన్న అక్షరాలతోనైనా సరే, ఆల్డర్‌మాస్టన్ బడిపంతులు స్టెయిర్ పేరు ఒక్కసారి వేయండి.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.